రాజావారి చీతా, ఆఫ్రికా చీతా

సెప్టెంబర్ 17 అంటే భిలాయిలో విశ్వకర్మ పూజ. స్టీల్‌ప్లాంటు షాపుల్లోనే కాదు, క్యాంప్-2 వెల్డింగ్ దుకాణాల్లోనూ యంత్రాలకు బొట్లు, బంతిపూల దండలు. 2022లో అదే రోజున, తన పుట్టినరోజు కూడా కలిసొచ్చేలా, నమీబియా నుంచి విమానంలో తెచ్చిన 8 చీతాలను ప్రధాని మోదీ మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదిలారు. అప్పట్నుంచి ఏటా ఈ తేదీకి పత్రికలు చీతాల జమాఖర్చు రాస్తున్నాయి. నాకేమో ఆ ఖాతాలో పాత పేజీల మీదే మోజు. అందులో మన ఉత్తరాంధ్ర పేజీ ఒకటుంది.

చీతాతో వేట దక్కనుకు కొత్త కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో దాన్ని రాజుల వినోదాల్లో చేర్చాడు. అక్కణ్నుంచి ఒక్క దూకు దూకితే అక్బరు. ఆయన దగ్గర వెయ్యి చీతాలుండేవని ప్రతీతి. మధ్య శతాబ్దాల సంగతి జింకలకే తెలియాలి.

ఈ వేటకు చీతా పిల్లలు పనికిరావు. తల్లి దగ్గర వేట నేర్చుకున్న పెద్ద చీతాయే కావాలి. అవి గోళ్లు గీరుకోవడానికి మళ్లీ మళ్లీ వచ్చే చెట్టు ఒకటుంటుంది. దాని చుట్టూ ఉచ్చులు పన్ని పట్టేవారు. నెలల తరబడి మచ్చిక చేసి, కళ్లకు తోలు గంతలు కట్టి, ఎద్దుబండి మీద కూర్చోబెట్టి బీడుకు తోలుకెళ్లేవారు. రైతు బండ్లను రోజూ చూసే కృష్ణజింకలు ఈ బండిని చూసినా బెదరవు. దగ్గరికి చేరాక గంతలు తీస్తారు. కొన్ని వందల గజాల్లోనే వ్యవహారం తేలిపోవాలి, ఆపైన చీతాకు ఊపిరందదు. జింక పడిందా, కాపరి పరుగున వెళ్లి దాని గొంతు కోసి, చెక్క గరిటెలో వేడి నెత్తురు పట్టి చీతా ముక్కు దగ్గర పెడతాడు. అది జింకను వదిలి గరిటె నాకుతుంది. ఆ సందులోనే మళ్లీ గంతలు.

అన్నిసార్లూ గరిటె పని చెయ్యదు. 1880లో, విజయనగరంలో ఆనంద గజపతి గద్దెనెక్కిన కొత్తల్లో, విశాఖపట్నం జిల్లాలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ దొర ఇలాంటి వేటకు వెళ్లాడు. విజయనగరం రాజావారి చీతా అతని మీదే పడింది. ఆ గాయాలతో దొర పోయాడు. మన దేశంలో చీతా మనిషిని చంపినట్టు నమోదైన ఉదంతం ఇదొక్కటేనని చరిత్రకారులు అంటారు. వేల చీతాల మెడలకు గొలుసులు వేసిన వేటచరిత్రలో, బదులు తీర్చుకున్న ఆ ఒక్కటీ మన విజయనగరం చీతా కావడం నాకు లోలోపల కాస్త గర్వంగానే ఉంటుంది. దొరగారి కుటుంబం మన్నించాలి.

చిక్కేమిటంటే బోనులో చీతా ఈనదు. జహంగీరు కాలంలో ఒక్కసారి ఈనిందంటే అది పుస్తకంలోకెక్కేంత వింత. కాబట్టి వేటకు కావలసిన ప్రతి చీతా అడవి నుంచే రావాలి. పైగా ఇంగ్లీషు వాళ్లు దాన్నీ క్రూరమృగాల జాబితాలో వేసి, చంపినవాళ్లకు బహుమతులిచ్చారు. చివరికి రాజులకే చీతాలు దొరక్క, 1918 నుంచి 1945 దాకా భావ్‌నగర్, కొల్హాపూర్ లాంటి సంస్థానాలు ఆఫ్రికా నుంచి కొనితెచ్చుకున్నాయి. అంటే ఆఫ్రికా చీతా మనకు కొత్త చుట్టం కాదు.

ఇక చివరి అంకం మన ఛత్తీస్‌గఢ్‌దే. 1947లో ఒక రాత్రి, రాష్ట్రం ఉత్తరపు కొసనున్న కొరియా సంస్థానం మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ కారులో వెళ్తున్నాడు. ఒకదాన్నొకటి ఆనుకుని మూడు మగ చీతాలు కూర్చుని కనిపించాయి. రెండే తూటాలు. రెండోది ఒకదాని ఒంట్లోంచి దూసుకుపోయి వెనకున్నదాన్నీ చంపింది. ఆ ఘనకార్యం వివరాలు అందినప్పుడు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రిక సంపాదకులకు వాటిని చెత్తబుట్టలో వెయ్యాలన్నంత రోత పుట్టింది. పొగడ్తగా కాదు, అభిశంసనగా అచ్చు వేస్తున్నామని చెప్పి మరీ వేశారు. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటన వచ్చింది. విచిత్రంగా అదే ఏడాది అదే పత్రికలో, చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని ఒక రిపోర్టు అచ్చయింది.

తర్వాత మూడేళ్లకు, 1955 ఫిబ్రవరిలో, భిలాయి కర్మాగారానికి రష్యాతో ఒప్పందం కుదిరింది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి వచ్చి క్యాంపుల్లో దిగారు. 1972లో మైత్రీబాగ్ జూ వచ్చాక ఆదివారాలకు పులిహోర డబ్బా, తెల్లపులుల బోను దగ్గర గుంపు మామూలైంది. రాజావారి చీతాను ఎరిగిన ఊళ్ల వాళ్లకు పులిని చూడాలంటే టికెట్టు కొనాల్సి వచ్చింది.

ఇక్కణ్నుంచి కథ దారి తప్పుతుంది. 1970లలో చీతాల కోసం ఇరాన్‌తో బేరం పెట్టుకుంటే కుదరలేదు. కునోలో 24 ఊళ్లు, ఎక్కువగా సహరియా ఆదివాసీలవి, ఖాళీ చేయించింది అసలు గిర్ సింహాల కోసం. 2013లో సుప్రీంకోర్టు సింహాలను పంపమంది, ఆఫ్రికా చీతాలు వద్దంది. సింహాలు రాలేదు. 2020లో అదే కోర్టు చీతాలకు ప్రయోగంగా అనుమతిచ్చింది. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో 12 దిగాయి. మార్చిలో సాషా అనే ఆడ చీతా కిడ్నీ జబ్బుతో పోయింది. రెండు రోజులకే ఇంకొకటి నాలుగు కూనలను పెట్టిందన్న కబురొచ్చింది. సింహాల కోసం ఇల్లొదిలిన సహరియాలకు ఈ రాకపోకల్లో ఏ వార్త శుభమో ఎవరూ అడగలేదు.

ఆ మూడు చీతాలు కూలిన కొరియా అడవి మాత్రం ఇప్పుడు గురు ఘాసీదాస్-తామోర్ పింగ్లా పులుల అభయారణ్యంలో భాగం. 2024 నవంబరులో ఆ నోటిఫికేషన్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో కునో నుంచి రెండు మగ చీతాలను గాంధీసాగర్ అభయారణ్యానికి తరలించారు. ఒకదాని పేరు పావక్, రెండోదాని పేరు ప్రభాస్. పేరు పెట్టినవాళ్ల మనసులో ఏముందో గానీ, క్యాంప్-2 కుర్రాళ్లు దాన్ని తెలుగు చీతా కింద జమకట్టేశారు.