చెన్నపట్టణపు నగరసభ

వీథిదీపము వెలుగకున్నను, కొళాయిలో నీరు రాకున్నను, వానకాలమున కాలువ పొంగి గుమ్మము నొరసినను గృహస్థు మొదట తలచుకొనునది పురపాలక సంఘమును. పన్ను చీటి చేతికందిన దినమున ఆ తలపు మరింత ఘాటుగా నుండును. మన నిత్యజీవితముతో ఇంతగా పెనవేసికొన్న ఈ సంస్థను గూర్చి చరిత్ర నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. పన్ను కట్టువానికి ఆ సభలో మాట యెంత? భారతదేశమున ఈ ప్రశ్న మొదట పుట్టిన నగరము చెన్నపట్టణము. దాని తొలి సభలో తెలుగువారికిని చోటు దొరకినది.

1639లో ఈస్టిండియా కంపెనీవారు ఆ తీరమున స్థలము సంపాదించిరి. అర్ధశతాబ్ది గడచునప్పటికి కోట వెలుపల పేటలు పెరిగినవి; వానితోబాటు గోడలకును కావలికిని ఖర్చును పెరిగినది. 1686 ప్రాంతమున కంపెనీ యధికారులు ఇండ్లపై పన్ను వేయబూనగా పట్టణవాసులు ఎదురుతిరిగిరి. లండనులో కంపెనీ వ్యవహారములు నడపుచుండిన సర్ జోసయా చైల్డు దీనికొక ఉపాయము పన్నెను. అధికారులు బలవంతముగా రాబట్టు స్వల్పమైన పన్నుకంటె, తమవారు కూర్చుండి నిర్ణయించిన పెద్ద పన్నునే ప్రజలు ఇష్టముతో చెల్లింతురని ఆయన వాదము.

ఆ వాదము ఫలితముగా 1687 డిసెంబరు 30న సన్నదు వెలువడెను. 1688 సెప్టెంబరు 29న నగరసభ ప్రారంభమయ్యెను. నెథేనియల్ హిగ్గిన్సన్ తొలి మేయరు. ఆయనకు సాయముగా పన్నెండుగురు ఆల్డర్మన్లు. వారి క్రింద బర్జెస్సులను పేరుతో పట్టణ ప్రముఖులు. ఆల్డర్మన్లలో ఇంగ్లీషువారితోబాటు పోర్చుగీసువారు, యూదులు, హిందువులు నుండిరి. ఆ హిందువులలో నొకడు చిన్న వెంకటాద్రి. ఇతడు కంపెనీ వర్తకమున ప్రసిద్ధుడైన బేరి తిమ్మన తమ్ముడు.

సభ చేయవలసిన పనులను సన్నదే చెప్పినది. సభాభవనము కట్టవలెను, చెరసాల నిర్మింపవలెను, దేశీయ బాలురకు ఇంగ్లీషు, లెక్కలు, వర్తకపు పద్దులు నేర్పుటకు పాఠశాల పెట్టవలెను. కాని పన్నులు మాత్రము చైల్డు ఆశించినట్లు వసూలు కాలేదు. కారణము స్పష్టము. సభలో దేశీయులు కూర్చుండిరి గాని, వారిని ప్రజ లెన్నుకొనలేదు, కంపెనీయే నియమించినది. కుర్చీ యిచ్చినంత మాత్రమున మాట యిచ్చినట్లు కాదని పట్టణవాసులు గ్రహించిరి.

పిమ్మట ఆ కుర్చీయు పోయినది. 1726 నాటి రాజశాసనము సభను ముఖ్యముగా న్యాయస్థానముగ మార్చినది. మేయరును, తొమ్మండుగురు ఆల్డర్మన్లలో ఏడుగురును బ్రిటిషు ప్రజలే కావలెనని విధించినది. చిన్న వెంకటాద్రి కూర్చుండిన సభలోనికి ఆయన మనుమలకు ప్రవేశము లేకపోయినది.

నూటయేబది యేండ్లు గడచిన తరువాత గాని ఎన్నిక యను మాట వినబడలేదు. 1878 నాటి చట్టము వలన ముప్పదియిద్దరు సభ్యులలో సగము మందిని పన్ను కట్టువారు ఎన్నుకొనసాగిరి. 1919 చట్టము సభ్యుల సంఖ్యను ఏబదికి పెంచి, అధ్యక్షుని ఎన్నుకొను హక్కును సభకే యొసగినది. అట్లు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ సెట్టి. ఈయన తెలుగు కుటుంబమునకు చెందినవారు. అంతకు ముందే పెక్కేండ్లుగా సభ్యులు.

ఎన్నికైన సభకును, నియమితమైన సభకును భేద మేమనువారికి 1920 సెప్టెంబరులో జరిగిన తీర్మానము సమాధానము. థౌజండ్ లైట్స్ పేటలోని కార్పొరేషను పాఠశాలలో పిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టవలెను. తలకొక్కింటికి దినమునకు ఒక అణా మించరాదు. ఆకలితో బడి మానుచుండిన బీదపిల్లలు బడికి రాసాగిరి. పథకము మరికొన్ని పాఠశాలలకు వ్యాపించెను. కాని ప్రాథమిక విద్యానిధి నుండి ఈ ఖర్చు పెట్టుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు. 1925లో ఫలహారము నిలిచిపోయినది. తరువాతి కాలమున రాష్ట్రమంతటను, దేశమంతటను పరచుకొన్న మధ్యాహ్న భోజనమునకు ఈ ఒక అణా తీర్మానము ఆదిలో నున్నది.

రేడియో యున్న యింటివారికి ఈ సభతో మరియొక చుట్టరికము కలదు. 1924లో సి. వి. కృష్ణస్వామి సెట్టి ప్రభృతులు స్థాపించిన మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ధనము చాలక 1927లో మూతపడెను. దాని ప్రసారయంత్రమును నగరసభ స్వీకరించి, 1930 ఏప్రిలు 1 నుండి తానే సాయంకాలపు ప్రసారములు నడపినది. బడిపిల్లలకు సంగీతపాఠములు, కథలు వినిపించినది. ఇంట రేడియో లేనివారు వినుటకు సముద్రతీరమునను, ఉద్యానములందును లౌడుస్పీకర్లు అమర్చినది. 1938 జూను 16న ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమగు వరకు ఆ నగరపు కంఠము నగరసభదే.

ఇంతటి చరిత్ర గల సభయు మూగవోయిన కాలము లున్నవి. 1973లో ప్రభుత్వము సభను రద్దుచేసినది. మరల ఎన్నికలు 1996లో గాని జరుగలేదు. 2016 నుండి 2022 వరకు మరియొకమారు ఎన్నికైన సభ లేదు. ఆ కాలములందు అధికారులు పనులు నడపిరి, పన్నులు వసూలైనవి, దీపములు వెలిగినవి. కాని తన వీథి కష్టమును సభలో లేచి చెప్పుటకు పౌరునికి ప్రతినిధి లేకపోయెను. 1992 నాటి డెబ్బదినాల్గవ రాజ్యాంగ సవరణము రద్దైన సభకు ఆరు మాసములలో ఎన్నికలు జరుపవలెనని శాసించినను, ఆ విధిని దాటవేయు మార్గములు దొరకుచునే యున్నవి.

పురపాలక వార్తలు ప్రసారమగునప్పుడు వానిని చిల్లర వార్తలని మనము రేడియో తగ్గించుట కలదు. కాలువ మరమ్మతు, బడి కప్పు, చెత్తబండి, పన్నుల సవరణ: వీనిలో చెవికింపైన దేమియు లేదు. ఐనను ఒక అణా ఫలహారమును ఒకనాటి ఇట్టి తీర్మానమే. ఆ నిర్ణయము లెవరు చేయుచున్నారు, వారిని మన మెన్నుకొంటిమా, ఎన్నిక గడువు దాటినదా యని అడుగుట పన్ను కట్టు ప్రతి గృహస్థునకు హక్కు. చెన్నపట్టణవాసులు 1686లోనే ఆ ప్రశ్న వేసిరి. మన పట్టణములందు మనమును వేయవలసి యున్నది.