అందలమెక్కించుట



తగనివానికి మితిమీరిన ప్రాధాన్యము నిచ్చినపుడు "వానిని అందలమెక్కించినారు" అని మనవారందురు. నేడీ మాట దెప్పుటకే మిగిలినది గాని మొదట దీనిలో దెప్పు లేదు.

అందలమనగా పల్లకి. ఈ పదమును సంస్కృతమందలి ఆందోళికా శబ్దముతో కలిపి చెప్పుదురు. ఆందోళిక యనగా ఊగునది. మన డోలయు ఆ కుదురులోనిదే. దాని మూలమైన 'దుల' ధాతువునకు పైకెత్తుట యని ధాతుపాఠము అర్థము చెప్పినది. ఎత్తుటకు భుజములు కావలెను గదా! అందలమెక్కినవాని ఎత్తు బోయీలదే గాని వానిది కాదు. పూర్వము పండితునకు పల్లకి, అగ్రహారము నొసగుట రాజసత్కారము. శ్రీకృష్ణదేవరాయలు తన పల్లకిని స్వయముగా చేతపట్టి యెత్తెనని పెద్దన చెప్పుకొనెను. దానినెవరును అతి యనలేదు. కుక్క అందలమెక్కి కుచ్చులు కొరికినదను సామెత తగనివారిని గూర్చినది.

ఇక మన సీమ సంగతి. ఇది దండకారణ్యపు అంచు. స్వామి నివసించిన తావని పర్ణశాలను కొలుచుచున్నాము. ఆయన అందలములో రాలేదు. గంగయొడ్డున రథమును విడిచి, వనములలో నడచియే వచ్చెను. భరతునకు పాదుకల నొసగెను. భరతుడు వానిని శిరమున దాల్చి, నందిగ్రామమున వానికి స్వయముగా ఛత్రము పట్టెను. పాదుకలకు గొడుగేమి యని అచట నెవరును అడుగలేదు.

నేలకొండపల్లివాడైన కంచర్ల గోపన్న, అబుల్ హసన్ తానాషా (1672-1687) కాలమున పాల్వంచ పరగణాకు తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి ఆలయము కట్టించినందుకు గోల్కొండ చెఱలో 12 ఏండ్లు ఉండెనని సంప్రదాయము. ప్రభువు కన్నులకది అతి. ఆ సొమ్ము రైతులు కట్టిన శిస్తు. లెక్క అడిగినందుకు ప్రభువును నేను నిందింపను. అయితే గోపన్న ఆ సొమ్ముతో తానెక్కుటకు అందలము చేయించుకొనలేదు. దాని బరువును చెఱలో తానే మోసెను.

ఇప్పటి ఉత్సవములలో నొక వింత చూచుచున్నాను. స్వామి పల్లకి వీధి మూలన ఆగియుండగా, విచ్చేసిన పెద్దమనిషి మెడలో దండలు పడుచుండును. ఒక ఊర అట్లే చాలసేపు ఆగినది. కఱ్ఱను ఈ భుజమునుండి ఆ భుజమునకు మార్చుకొనుచున్న ముసలి బోయీని చూచి, కొంచెము దింపి సేదదీరుమంటిని.

"సామి ఎక్కి ఉండంగ కింద దించుతమా, అయ్యగారూ?" అనెను.