గడీ వెనుక కొట్టం: జనగామ ప్రాంత చరిత్రకు ఒక ఆధారం

తెలంగాణ దేశ్‌ముఖుల గడీ అనగానే ఎత్తైన ప్రహరీ, బురుజు, పెద్ద దర్వాజా స్ఫురిస్తాయి. కాని గడీని పోషించిన శ్రమ దాని వెనుకనున్న పశువుల కొట్టంలో, గుర్రపు సాలలో, ధాన్యపు గరిసెల దగ్గర జరిగింది. గడీ చరిత్రను అక్కడి నుంచి చదవడం అవసరం.

ఈ కట్టడాల పేర్లే కొంత చరిత్ర చెబుతాయి. 'దొడ్డి' ఇంటి పెరడుకూ, పశువులను కట్టే ఆవరణకూ పేరు. 'గరిసె' ధాన్యం నిలువచేసే కట్టడం మాత్రమే కాదు, ధాన్యపు పెద్ద కొలత కూడా. 'పాతర' నేలలో తవ్విన ధాన్యపు గుంత.

విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40,000 ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో పేర్కొన్నారు. రైతులు తమ చేను కంటే ముందు దొర చేనును సొంత ఎడ్లతో దున్నవలసి వచ్చేది. ఆ పంట గరిసెలకు చేరేది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు లెవీ భారం చిన్న రైతు మీద పడగా, దొరల నిలువలు భద్రంగా ఉండేవి.

పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషులు స్వాధీనం చేసుకోబోగా, సంఘం కార్యకర్తలు కోసి ఆమె ఇంటికే చేర్చారు. గడీ దారి పట్టవలసిన ధాన్యం పండించినవారి ఇల్లు చేరడమే ఆ ఘట్టపు సారం. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై జరిగిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు.

నేటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో గడీని వెట్టివారి, ఆడబాపల వైపు నుంచి చూపారు. సాహిత్యం గడీ లోపలికి చరిత్ర కంటే ముందే ప్రవేశించిందనడానికి ఇది నిదర్శనం.

ఇంగ్లండులో చట్టరక్షణ పొందిన భవంతి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న గుర్రపు సాలలు, కొట్టాలు కూడా సాధారణంగా ఆ రక్షణలోకే వస్తాయి. ఇక్కడ సున్నంతో కట్టిన మేడ మిగిలినా, మట్టిగోడల కొట్టం ముందుగా కూలుతుంది. మేడను మాత్రమే కాపాడితే దొర వైభవం మిగులుతుంది, వెట్టి జరిగిన చోటు చెరిగిపోతుంది. కనుక గడీల నమోదులో కొట్టాల, గరిసెల కొలతలతో పాటు వాటిని పిలిచిన పదాలనూ చేర్చాలి.