ప్రశ్నపత్రం గీసిన సరిహద్దు

చరిత్ర పాఠాల మీద గొడవ మొదలైతే అందరి చూపూ పాఠ్యపుస్తకం మీదే పడుతుంది. ఏ రాజును తీసేశారు, ఏ ఉద్యమానికి ఎన్ని పేజీలిచ్చారు, ఎవరి ఫొటో వేశారు, ఎవరిది వేయలేదు... చట్టసభల్లోనూ టీవీ చర్చల్లోనూ నలిగేదంతా ఇదే. తరగతి గదిలో లెక్క వేరు. కొత్త పాఠం తెరవగానే అక్కడ వినిపించే మొదటి ప్రశ్న ‘ఇది పరీక్షలో వస్తుందా సార్?’ అన్నదే. రాదని తేలిందా, ఆ పాఠం పుస్తకంలో ఉన్నా లేనట్టే. అందుకే పాఠ్య ప్రమాణాలు రాసేవాళ్ల కంటే ప్రశ్నపత్రం పరిధి నిర్ణయించేవాళ్ల చేతిలోనే పిల్లలకు అందే చరిత్ర ఎక్కువగా ఉంటుంది. అయినా వాళ్ల నిర్ణయాల మీద జరిగే చర్చ బహు తక్కువ. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో సాంఘిక శాస్త్రానికి, హైస్కూలు పరీక్షలకు ఇటీవలి కాలంలో జరిగిన మార్పులను వరుసగా చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

అమెరికాలో దేశమంతటికీ ఒకే సిలబస్ లేదు. ఏ తరగతిలో ఏం నేర్పాలో రాష్ట్రాలే నిర్ణయించుకుంటాయి. హైస్కూలు పట్టా ఇవ్వడానికి ప్రత్యేక పరీక్ష పెట్టాలా వద్దా అన్నదీ వాటి ఇష్టమే. ఈ పరీక్షల విషయంలో న్యూయార్క్‌ది పెద్ద చరిత్ర. అక్కడి విద్యా వ్యవహారాలు చూసే బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ 1784లోనే ఏర్పడింది. ‘రీజెంట్స్’ పరీక్షలు 1865లో మొదలయ్యాయి. ఉన్నత విద్యాలయాలకు విద్యార్థుల సంఖ్యను బట్టి రాష్ట్ర నిధులు పంచేవారు కాబట్టి, ఆ చదువుకు నిజంగా తగినవాళ్లు ఎందరో తేల్చడానికి పెట్టిన పరీక్ష అది. హైస్కూలు సబ్జెక్టులకు 1878లో పరీక్షలు ప్రారంభమైనప్పుడు అమెరికా చరిత్ర కూడా వాటిలో ఉంది. అయితే చాలాకాలం రీజెంట్స్ పట్టా కొందరికే పరిమితం. మిగతావారికి అంతకంటే తేలికైన మార్గం ఉండేది. 1990ల చివర్లో ఆ తేడాను తొలగించడం మొదలుపెట్టి, క్రమంగా ఈ పరీక్షలను అందరికీ తప్పనిసరి చేశారు. అప్పట్లో సాంఘిక శాస్త్రంలో రెండు పరీక్షలు గట్టెక్కాల్సి వచ్చేది: ఒకటి అమెరికా చరిత్ర, రెండోది ప్రపంచ చరిత్ర-భూగోళం. నిధుల పంపకం కోసం పుట్టిన పరీక్ష అలా పిల్లల పట్టాకు తాళంచెవి అయింది.

పాత ప్రపంచ చరిత్ర పరీక్ష విద్యార్థులను బాగా ఇబ్బంది పెట్టేదని పేరు. తొమ్మిది, పది తరగతుల్లో రెండేళ్లపాటు చదివినదంతా ఒకే రోజు రాయాల్సి వచ్చేది. తొలి వ్యవసాయ సమాజాల నుంచి ప్రపంచీకరణ దాకా ఎక్కడి నుంచైనా ప్రశ్న వచ్చేది. 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు, వాటికి తోడు రెండు వ్యాసాలు ఉండేవి. 2014లో రాష్ట్రం కొత్త సాంఘిక శాస్త్ర ప్రణాళికను ఆమోదించింది. దానికి తగ్గట్టు పరీక్షనూ మార్చి 2019 నాటికి పూర్తిగా అమల్లోకి తెచ్చింది. బహుళైచ్ఛిక ప్రశ్నలు 28కి తగ్గాయి. వాటిలో ప్రతిదానికీ ముందు ఒక పటమో, ఉత్తరమో, కార్టూనో ఇస్తారు. చివర్లో ఐదు చారిత్రక పత్రాలిచ్చి, తరతరాలుగా మనుషులను వెంటాడుతున్న ఒక సమస్యను వాటిలోంచి పట్టుకుని వాదన కట్టమంటారు. పాఠం వల్లెవేయడం కంటే ఇది నయమని ఒప్పుకోవాలి. కానీ ప్రశ్నల తీరుతోపాటు మరొకటి కూడా మారింది. పరీక్ష ఇప్పుడు పదో తరగతి పాఠాలకే పరిమితం. ఆ పాఠాలు మొదలయ్యేది 1750లో.

ఆ ఏడాదిని గీతగా గీస్తే ఏమవుతుందో చూడండి. 1750 నాటి ప్రపంచం అంటూ మొఘలులు, ఒట్టోమన్లు, జపాన్‌లోని తొకుగవా పాలకుల ప్రస్తావన మొదట్లో ఉంటుంది. ఆ వెంటనే ఫ్రెంచి విప్లవం, పారిశ్రామిక విప్లవం, సామ్రాజ్యవాదం వచ్చేస్తాయి. అశోకుడు, గుప్తులు, చైనాలో కాగితం, అచ్చు, మాలిలో బంగారం వర్తకం, బాగ్దాద్‌లో అనువాదాలు, వీటన్నిటి చోటు రాష్ట్ర పరీక్ష లేని తొమ్మిదో తరగతి. పరీక్షలో భారతదేశం కనిపించేసరికి మొఘల్ అధికారం కూలిపోతూ ఉంటుంది. తర్వాత కంపెనీ పాలన, 1857, గాంధీ, దేశ విభజన. చైనా ప్రధానంగా నల్లమందు యుద్ధాలతో తెరమీదికి వస్తుంది, ఆఫ్రికా బెర్లిన్ సమావేశంలో జరిగిన పంపకంతో. ఈ పాఠాల్లో అబద్ధమేమీ లేదు. అయితే ఓడిపోవడం, ఆపైన విముక్తి పొందడం మాత్రమే ఈ నాగరికతల కథగా మిగిలింది. ఇంత పెద్ద తీర్పును ఏ చరిత్రకారుడూ గ్రంథం రాసి ఇవ్వలేదు. పరీక్ష భారం తగ్గించే ప్రయత్నంలో అది దానంతటదే వచ్చిపడింది.

ఇలాంటి గీత మీద బహిరంగంగా వాదన జరిగిన సందర్భం ఒకటుంది. హైస్కూలులోనే కాలేజీ స్థాయి కోర్సులు చదివే పిల్లలకు కాలేజ్ బోర్డ్ అనే సంస్థ ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ పరీక్షలు పెడుతుంది. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో పెరిగే తెలుగు పిల్లలకు ఇవి బాగా పరిచయం. 2018లో ఆ సంస్థ ప్రపంచ చరిత్ర పరీక్షను 1450 నుంచే మొదలుపెడతామని ప్రకటించింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు తిరగబడ్డారు. 1450 అంటే యూరప్ నౌకలు సముద్రం మీదికి వచ్చే కాలమని, అక్కడ మొదలుపెడితే మిగతా ఖండాలన్నీ యూరప్ కంట పడ్డాకే చరిత్రలోకి వచ్చినట్టు అవుతుందని వాదించారు. కొన్ని వారాల్లోనే సంస్థ వెనక్కి తగ్గి గీతను 1200కు జరిపింది. ఆ రెండున్నర శతాబ్దాల్లో మన సంగతీ ఉంది. 1199లో గద్దెనెక్కిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. తుపానులో ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు కాజేసే అలవాటుకు స్వస్తి చెప్పి, నిర్ణీత సుంకంతో సరిపెట్టుకుంటానన్నాడు. యూరప్ నౌకలు రాకముందే హిందూ మహాసముద్రం మీద ఎలాంటి వ్యాపార ప్రపంచం నడిచిందో చెప్పే ఆధారమిది. గీత 1450 దగ్గర ఉంటే ఆ ప్రపంచమంతా పరీక్షకు బయట, 1200 దగ్గర ఉంటే లోపల. రోమ్‌తో వర్తకం చేసిన శాతవాహనులు ఎలాగూ బయటే.

టెక్సస్ ఉదంతం ఇంకా విచిత్రం. 2010లో అక్కడి రాష్ట్ర విద్యా బోర్డు సాంఘిక శాస్త్ర ప్రమాణాలను సవరించినప్పుడు దేశమంతా గగ్గోలు పుట్టింది. చివరికి 9-5 ఓట్లతో ప్రమాణాలు గట్టెక్కాయి. అంతర్యుద్ధానికి కారణాలు చెప్పే చోట ప్రాంతీయ విభేదాలు, రాష్ట్రాల హక్కుల తర్వాతే బానిసత్వాన్ని చేర్చారన్నది పెద్ద ఆరోపణ. 2018లో ఆ వాక్యాన్ని మార్చి, బానిసత్వ విస్తరణదే ప్రధాన పాత్ర అని రాశారు. ఒక వాక్యం మీద ఎనిమిదేళ్ల పోరాటం! ఈలోగా 2013లో టెక్సస్ చట్టసభ హైస్కూలు పరీక్షలను 15 నుంచి 5కు తగ్గించింది. ప్రపంచ చరిత్ర, ప్రపంచ భూగోళం పరీక్షలు ఎగిరిపోయాయి. సాంఘిక శాస్త్రంలో మిగిలింది అమెరికా చరిత్ర ఒక్కటే, అదీ ప్రధానంగా 1877 తర్వాతి చరిత్ర. అంతర్యుద్ధం ముగిసింది 1865లో. అంటే ఏ వాక్యం కోసం అంతగా కొట్టుకున్నారో, ఆ పాఠం ఎనిమిదో తరగతిలోనే అయిపోతుంది. పట్టా కోసం రాసే పరీక్ష దాన్ని దాటేసి మొదలవుతుంది.

పరీక్షలో పాత కాలాలూ ఉండాలన్న వాదనకు బలమైన అభ్యంతరాలే ఉన్నాయి. వేల ఏళ్ల చరిత్రను పదహారేళ్ల పిల్లల చేత ఒక్క పూటలో రాయించడం చదువు కాదు, శిక్ష అనేది మొదటిది. నిజమే. ఇంగ్లిష్ సరిగా రాని వలస కుటుంబాల పిల్లలకు న్యూయార్క్ పాత పరీక్ష పెద్ద గోడగా ఉండేది. కానీ భారం తగ్గించడానికి పాత శతాబ్దాలను మొత్తంగా కోసేయడమే దారి కాదు. ప్రతి యుగం నుంచీ కొన్ని అంశాలను ముందే ప్రకటించి, వాటినే లోతుగా అడగవచ్చు. రెండో అభ్యంతరం నైపుణ్యాల పేరుతో వస్తుంది. ఆధారాలు చదివి వాదన కట్టడం వస్తే చాలు, ఏ కాలం గురించి అడిగినా ఒకటే అంటారు. ఇది సగం నిజం. మోటుపల్లి శాసనాన్ని చేతికిచ్చి వ్యాఖ్యానించమంటే, ఆనాడు తీరంలో వర్తకం ఎవరి చేతిలో ఉందో తెలియని విద్యార్థి అందులో రాజుగారి దయనే చూస్తాడు, సుంకాల ఆదాయం మీద రాజుకున్న ఆశను చూడలేడు. సందర్భం తెలియకుండా ఆధారాన్ని తూచడం కుదరదు.

మరి పరీక్షే పెత్తనం చేస్తున్నప్పుడు దాన్ని ఎత్తేస్తే పోదా? ఇప్పుడు గాలి అటే వీస్తోంది. 2024 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు పట్టాకు రాష్ట్ర పరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను రద్దు చేశారు. న్యూయార్క్ కూడా 2027 నుంచి రీజెంట్స్‌ను పట్టాకు షరతుగా ఉంచకూడదన్న ప్రణాళికను ఆ నెలలోనే ముందుకు తెచ్చింది. పట్టా చేజారే భయం పోవడం పిల్లలకు మేలే. చరిత్రకు మాత్రం మేలు జరుగుతుందన్న నమ్మకం లేదు. 2002లో అమల్లోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం చదవడం, లెక్కల్లో ఏటా పరీక్షలు పెట్టమంది, సాంఘిక శాస్త్రాన్ని వదిలేసింది. ఆ తర్వాత ప్రాథమిక తరగతుల్లో ఎన్నో విద్యా జిల్లాలు సాంఘిక శాస్త్రం పీరియడ్లను తగ్గించి ఆ సమయాన్ని పరీక్ష ఉన్న సబ్జెక్టులకు ఇచ్చాయి. 2022 జాతీయ మదింపులో అమెరికా చరిత్రలో తగిన ప్రావీణ్యం చూపిన ఎనిమిదో తరగతి విద్యార్థులు 13 శాతమే. ఈ రెంటికీ నేరుగా ముడి పెట్టలేం కానీ, పరీక్ష లేని సబ్జెక్టుకు బడిలో పరపతి ఉండదన్నది కాదనలేం.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే తంతు. 2014 తర్వాత తెలంగాణ పుస్తకాల్లో ఉద్యమ చరిత్రకు దక్కిన చోటు గురించి చర్చ జోరుగా సాగింది, సాగాలి కూడా. మరోవైపు పదో తరగతి సాంఘిక శాస్త్రంలో రెండు పేపర్లు ఒకటయ్యాయి. 11 పేపర్ల పరీక్ష కరోనా కాలం తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ఆరేడు పేపర్లకు దిగింది. భూగోళం, అర్థశాస్త్రం ఒక పేపరుగా, చరిత్ర, పౌరశాస్త్రం మరో పేపరుగా ఉన్నవి కలిసిపోయాయి. చరిత్రకు మిగిలిన మార్కులెన్ని, వాటిలో ప్రాచీన కాలానికి ఎన్ని, మన ప్రాంత చరిత్రకు ఎన్ని అన్న లెక్క ‘వెయిటేజీ’ పట్టికలో పడి, ఉపాధ్యాయుల మధ్య, గైడ్ల ముద్రాపకుల మధ్య ఉండిపోయింది.

ప్రశ్నలు గుప్తంగా ఉండక తప్పదు. పరిధి గుప్తంగా ఉండాల్సిన పని లేదు. ముసాయిదా పాఠ్యాంశాలను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగినట్టే, పరీక్ష ఏ కాలం నుంచి మొదలవుతుందో, ఏ యుగానికి ఎన్ని మార్కులో కూడా ముసాయిదాగా పెట్టాలి. వదిలేసిన ప్రతి శతాబ్దానికీ కారణం రాసి చూపాలి. 1450ని 1200కు జరిపించినవాళ్లకు ప్రత్యేక అధికారమేదీ లేదు. గీత ఎక్కడ పడుతుందో ముందే తెలిసింది కాబట్టి అడగగలిగారు. పుస్తకంలో ఒక పేజీ పోతే రోడ్డెక్కే మనం వెయిటేజీ పట్టికలో ఒక యుగం పోయినప్పుడు కూడా అడగాలి.