యోగ్యత సరే, కొలబద్ద ఎవరిది?

'యోగ్యత ఉన్నవాళ్లకే గౌరవం' అనే మాట వినగానే నాకొచ్చే ప్రశ్న ఒకటే: కొలబద్ద తయారుచేసిందెవరు? ఈసారి జవాబు కోసం అమెరికా బేస్‌బాల్ దగ్గరికి వెళ్దాం.

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1936లో తొలి ఎన్నిక, 1939లో ప్రారంభం. ఎవరికి చోటివ్వాలన్న తగువు ఏటా ఉండేదే. పాత్రికేయుల ఓటుతో ఎన్నిక కావాలంటే ఆటగాడు మేజర్ లీగుల్లో కనీసం పది సీజన్లు ఆడుండాలి. పైకి అందరికీ ఒకే నిబంధన. కానీ 1880ల చివరి నుంచి 1947లో జాకీ రాబిన్‌సన్ వచ్చేదాకా నల్లజాతి ఆటగాళ్లను ఆ లీగుల గడప తొక్కనివ్వలేదు. కాగితం మీద రాయని కట్టుబాటు. మనకు తెలియనిదా?

నీగ్రో లీగుల్లో మహా బ్యాటర్ జోష్ గిబ్సన్ 1947 జనవరిలో 35 ఏళ్లకే చనిపోయాడు. రాబిన్‌సన్ మైదానంలోకి దిగింది ఆ ఏప్రిల్‌లో. సాచెల్ పేజ్‌కి 1948లో అవకాశం దక్కేసరికి 42 ఏళ్లు. ఆ పది సీజన్లు వీళ్లెక్కడి నుంచి తేవాలి?

1966లో టెడ్ విలియమ్స్ తన సన్మాన వేదిక మీదే ఈ ఇద్దరికీ చోటివ్వాలన్నాడు. 1971లో పేజ్‌ను గౌరవిస్తామన్నారు, కాకపోతే విడి విభాగంలో! మ్యూజియంలోనూ వెలివాడ కట్టబోయారన్నమాట. జనం తిట్టిపోశాకే అందరి సరసన నిలబెట్టారు.

'వాళ్లకు సరైన లెక్కల్లేవు కదా' అనేది మరో వాదన. లెక్కలున్నాయి, నల్లజాతి పత్రికల్లో. పరిశోధకులు ఏళ్ల తరబడి వాటిని ఏరి కూర్చారు. 2024లో మేజర్ లీగ్ ఆ గణాంకాలను కలుపుకుంది. గిబ్సన్ జీవితకాల సగటు .372. టై కాబ్ .367ను దాటి మొదటి స్థానం అతనిదైంది. 'వాళ్ల సీజన్లు చిన్నవి' అని ఇంకా గొణుగుతున్నారు. మరి పేజ్ బంతిని లీగులో ఒక్కసారీ ఎదుర్కోకుండా తెల్ల బ్యాటర్లు కట్టిన రికార్డులు పూర్తివేనా?

2006లో ప్రత్యేక కమిటీ 17 మందిని ఎన్నుకుంది. నీగ్రో లీగుల జ్ఞాపకాన్ని బతికించిన బక్ ఓనీల్ వాళ్లలో లేడు. అయినా 94 ఏళ్ల వయసులో ఆ వేదికెక్కి మిగతావాళ్ల తరఫున మాట్లాడాడు. అదే అక్టోబర్‌లో కన్నుమూశాడు. చోటు దక్కింది 2022లో. నల్లజాతి ఆటగాళ్లున్న జట్లతో ఆడనని మొండికేసిన క్యాప్ ఆన్సన్‌కి మాత్రం 1939లోనే దక్కింది. ఆన్సన్‌ను తీసేయమని నేననను. అతని ఘనత పక్కనే అతని నేరమూ రాయమంటాను.

మన దగ్గర 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూని హిందూ జట్టు ఏనాడూ కెప్టెన్‌గా నియమించలేదు. రేపెవరో కెప్టెన్ల జాబితా చూపించి 'మీవాళ్లేరీ?' అంటారు. అప్పుడు తలదించుకోకండి. ఆ జాబితా రాసిందెవరో అడగండి. తర్వాత పాత పత్రికలు తిరగేయండి. పని అక్కడుంది.