వడియా? వసతియా?



"వాహనము" అను మాట మోయుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. మోయునది వాహనము. "రథము" అను మాటకు నిరుక్తకారుడగు యాస్కుడు గమనార్థకమగు ధాతువును చూపినాడు. పోవునది రథము. అట్లే అశ్వమనగా మార్గమును వ్యాపించునది. ఎద్దునకు గల "అనడ్వాహము" అను పేరునకు అనస్సును, అనగా బండిని, మోయునదియని అర్థము. పోవుట వేఱు, మోయుట వేఱు అని మన పెద్దలు మాటలు కల్పించిన నాడే గుర్తించియుండిరి. ఈ రెండు గుణములును ఒక్క వాహనమున కుదురునా? కుదురనప్పుడు దేనిని విడువవలెను? ఇదియే నేటి నా ప్రసంగవిషయము.

ఇది ధనికుల చర్చ, మెట్టరైతులకేల యని మీరనవచ్చును. మన బుక్కరాయసముద్రము వంటి గ్రామములనుండి చదువుకొని బెంగుళూరునకు ఉద్యోగములకు పోయిన బిడ్డలు నేడు చాలమంది యున్నారు. వారిలో నాయొద్ద చదువుకొనినవాడొకడు, "అయ్యవారూ, ఇద్దఱు మాత్రమే కూర్చుండు స్పోర్ట్స్ కారు కొనవలెనా, వెనుక పీటయుగల వడియైన కూపే కొనవలెనా?" అని నన్నడిగినాడు. ముందు చెల్లింపవలసిన సొమ్మునకు తండ్రి రెండెకరముల మెట్టనమ్మి సర్దవలెనట. కావున ఈ ప్రశ్న మన పొలముగట్టు వఱకు వచ్చినదే. దీనికి సమాధానము చరిత్రలో వెదకుట మంచిదని నాకు తోచినది.

మొదట ఆ రెండు బండ్ల లక్షణములు చెప్పెదను. స్పోర్ట్స్ కారు వడి కొఱకే కూర్చిన బండి. సాధారణముగా ఇద్దఱికే చోటు. నేలకు మిక్కిలి దగ్గఱగా నుండును. బరువు తక్కువ, యంత్రశక్తి యెక్కువ. బరువు నేలకు దగ్గఱగా నున్నచో మలుపులందు బండి యొరగదు. బరువు తగ్గినచో వేగము త్వరగా పుంజుకొనును, ఆపినప్పుడు త్వరగా నిలుచును. కావున వెనుకపీట తీసివేయుటయు, కప్పును దించుటయు వట్టి సొగసునకు గాదు. వడి కొఱకు చెల్లించిన వెల యది.

"కూపే" యనునది ఫ్రెంచిమాట. కోయబడినది యని దాని యర్థము. గుఱ్ఱపుబండ్ల కాలమున ఎదురెదురు పీటలుగల పెద్దబండిలో ఒక పీటవైపు భాగమును తగ్గించి, పొట్టిబండిగా చేసి, దానికా పేరు పెట్టిరి. రైళ్లలో మొదటి తరగతియందు ఇద్దఱికి సరిపడు చిన్నగదిని కూపే యనుట మీరు గుంతకల్లు స్టేషనులో వినియుందురు. అదియు ఈ మాటయే. మోటారుబండ్లలో సాధారణముగా రెండు తలుపులును స్థిరమగు కప్పును గలదానిని కూపే యందురు. వెనుక చిన్నపీటను, సామానునకు చోటును ఉంచుకొని, వడిని చాలవఱకు నిలుపుకొనిన కూపే గూర్చియే యా శిష్యుడడిగినాడు.

ఇక చరిత్రకు వత్తము. విజయనగర ప్రభువులకు వడిబండి గుఱ్ఱము. దక్కను నేలలో మేలుజాతి గుఱ్ఱములు చక్కగా వృద్ధిపొందవు. అవి అరబ్బు, పారసీక దేశములనుండి హోర్ముజు, ఏడెను రేవుల మీదుగా ఓడలలో రావలెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిన పిమ్మట ఆ వర్తకము చాలవఱకు వారి చేతిలోనికి పోయినది. కొనక తీఱదు, కొననిచో శత్రువు కొనును. గుఱ్ఱములను ఏనుగులను తెచ్చు విదేశవర్తకులను ఆదరింపవలెననియు, అవి పగవారి పాలు కారాదనియు కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున చెప్పియున్నాడు.

ఆ కొనుగోలు ఎంతటిదో నూనిజ్ అను పోర్చుగీసువాని వ్రాతలవలన తెలియును. ఇతడు 1535 ప్రాంతమున విజయనగరమున నుండెను. విజయనగర ప్రభువు ఏటేట 13,000 గుఱ్ఱములను, హోర్ముజువానిని నాటువానిని కలిపి, కొనుచుండెనని యతడు వ్రాసెను. అంతకు ముందు సాళువ నరసింహుడు వేయి బంగారు నాణెములకు మూడు చొప్పున, బ్రతికినవైనను చచ్చినవైనను కొనెననియు, సముద్రముపై చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను పూర్తి వెల చెల్లించెననియు నతడే చెప్పినాడు. తోకకు వెల యిచ్చుట నేడు మనకు వెఱ్ఱిగా తోచును. కాని రాజ్యము నిలుచుట గుఱ్ఱపుదండుమీద ఆధారపడియున్న కాలమున, వర్తకుడు నష్టమునకు వెఱచి మఱియొక రేవునకు పోకుండుటకు అది యొక యుపాయము. రాజునకు ఆ వడి అవసరము, వెల తగినదే. అయినను లెక్క చూడుడు. గుఱ్ఱము దూరదేశమునుండి వచ్చును, ప్రత్యేకముగా పోషింపవలెను, మోయునది యొక్కనినే. మన ఉలవలకు ఆంగ్లేయులు గుఱ్ఱపుగింజ యను అర్థముగల పేరు పెట్టిరన్నచో, మన చేలలోని పంట ఆ లాయములకెంత పోయెనో యూహింపవచ్చును.

గుఱ్ఱము గాక మఱియొక వడియు ఈ సీమకు పొరుగున పెరిగినది. మైసూరు ప్రభువగు చిక్కదేవరాజ ఒడెయరు (1673–1704) పశుశాలలను ఏర్పఱచి బెణ్ణెచావడి యను పేర నడపించెను. వెన్నకచ్చేరి యని దాని యర్థము. అందలి యావుల పాలును వెన్నయు కోటకు పోవును. కోడెలు దండునకు పోవును. టిప్పుసుల్తాను దీనికి అమృతమహలని పేరు మార్చెను. హళ్లికారు మొదలగు జాతులనుండి ఎన్నికచేసి పెంచిన యీ యెడ్లు సన్నని మేనును, నిడుపాటి కొమ్ములును, ఉక్కువంటి గిట్టలును గలవి. ఫిరంగులను సామానులను లాగుచునే, కాలిబంటులతో సమానముగా, ఒక్కొక్కప్పుడు వారికంటె ముందుగా నడచెడివి. హైదరాలీ చిదంబరమును ఆదుకొనుటకై రెండున్నర దినములలో నూఱు మైళ్లు నడచుట వీని బలముననేయని ఆ పశుశాలలను గూర్చి బ్రిటిషువారు వ్రాసిన చరిత్రలో గలదు. ఓడిపోయినప్పుడును తన ఫిరంగులను శత్రువు కన్నులయెదుటనే లాగించుకొనిపోయెనట. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట ఆ మందలు ఆంగ్లేయుల చేతికి చిక్కినవి.

ఈ రెండు వడులను తూచి చూడుడు. మైదానమున గుఱ్ఱమును ఎద్దు గెలువలేదు. ఒక్క క్రోసు పరుగునకు గుఱ్ఱమే మేలు. కాని ఫిరంగియు, మందుగుండును, బియ్యపు మూటలును వెంట రావలసినప్పుడు వడి యనగా ముందున్న రౌతు చేరుట గాదు, అందఱును చేరుట. అట్టి చోట అమృతమహలు ఎద్దు గుఱ్ఱముకంటె వడియైనది. వీనికి చుట్టమగు హళ్లికారు కాడిని మన మడకశిర, హిందూపురము రైతులెఱుగుదురు. తొలకరికి దున్నునదియు అదే, సంతకు పోవునదియు అదే, సవారిబండి కట్టి పెండ్లికూతును తెచ్చునదియు అదే.

ఇదే తగవు ఇరువదవ శతాబ్దమున మోటారుబండ్లకును వచ్చినది. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1955లో థండర్‌బర్డు అను ఇద్దఱి బండిని చేసిరి. అందము కలదు, వడి కలదు. బిడ్డలకు చోటు లేదు. 1957లో అట్టివి 21,380 తయారైనవి. 1958లో దానికి వెనుకపీట చేర్చి నలుగురి బండిగా మార్చగా ఆ యేడు 37,892 తయారైనవి. పాతదాని సొగసు పోయెనని రసికులు గొణిగిరి, గృహస్థులు కొనిరి. ఆ పాఠము నేర్చి ఆ కంపెనీయే 1964లో ముస్టాంగు అను బండిని మొదటినుండియు వెనుకపీటతోనే చేసినది. మొదటి సంవత్సరమున నాలుగు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి.

ఇంగ్లండులో జాగ్వారు కంపెనీవారి ఈ-టైపు అను బండి 1961లో వెలువడినది. అదియు ఇద్దఱిదే. వారు 1966లో దానిని చక్రముల నడుమ సుమారు 9 అంగుళములు సాగదీసి, వెనుక చిన్నపీటగల మఱియొక రూపమును చేసిరి. కప్పు ఎత్తుపెరిగి మొదటి రేఖాలావణ్యము తగ్గెనని విమర్శ కలదు. జర్మనులు 1963లో చూపిన పోర్షె 911 మొదటినుండియు వెనుక రెండు చిన్నపీటలతోనే పుట్టినది. మఱియొక ప్రక్క, 1953లో వెలసిన అమెరికా కార్వెట్టు మాత్రము ఇద్దఱికే చోటు గలదిగా ఈనాటికిని నిలిచినది. కావున ఇద్దఱిబండి చచ్చినదని చెప్పరాదు. దానిని కోరువారు కొందఱు ఎప్పుడును ఉందురు. చరిత్ర చెప్పునది యింతమాత్రమే: ఇంటికి ఒక్కబండియే యున్నచోట వెనుకపీట గెలిచినది.

మన దేశమునను అంతే. మద్రాసులోని స్టాండర్డు కంపెనీవారు 1961 నుండి హెరాల్డు అను రెండుతలుపుల కారును చేసిరి. అది స్పోర్ట్స్ కారు గాదు, సాధారణమగు ఇంటికారే. అయినను ముందుపీట వంచి ముసలివారు వెనుకకు దూరుట కష్టమని మనవారు భావింపగా, దానికి నాలుగుతలుపుల రూపమును ఇచ్చటనే కల్పింపవలసివచ్చినది. ఇక మన సీమలో 1565 నాటి తళ్లికోట యుద్ధము పిమ్మట రాజధానియైన పెనుకొండ చెంతనే, ఎఱ్ఱమంచి గ్రామమున, కియా కంపెనీవారి కర్మాగారము వెలసి 2019లో కార్లను వెలువరించినది. అందుండి మొదట వచ్చిన సెల్టోస్ ఐదుగురు కూర్చుండునది. రాయల గుఱ్ఱములకు నెలవైన కోట చెంత నేడు తయారగునది కుటుంబపు బండి.

ఇప్పుడు ఆ శిష్యుని ప్రశ్నకు వత్తము. వడిని కోరుట తప్పని నేననను. యౌవనమున వడి సహజము. సొంత సంపాదనమిగిలి, ఇంట వేఱొకబండి యుండి, నున్నని రాచబాటపై తానొక్కడే తోలుకొను సంతోషమునకై స్పోర్ట్స్ కారు కొనువాడు రాజు గుఱ్ఱము కొనినట్లు కొనుచున్నాడు. వానిని నిందింపరాదు. కాని ఒక్కబండియే కొనువానికి కూపే మేలు. తల్లికి రాత్రివేళ జబ్బుచేసినచో అనంతపురము ఆసుపత్రికి ఆమెను, తోడు మఱియొకరిని తీసికొనిపోవచ్చును. పండుగకు బెంగుళూరునుండి రెండువందల కిలోమీటర్లు వచ్చునపుడు భార్యాబిడ్డలను సామానును తేవచ్చును.

అయితే కూపే యన్నంతమాత్రమున మోసపోరాదు. వెనుకపీట యున్నదని కాగితముపై నుండును. కూర్చుండి చూడగా మోకాళ్లు ముందుపీటకు తగులును, తల కప్పునకు తగులును. కావున కొనుటకు ముందు ఇంటిలో వయస్సు మీఱినవారిని వెనుక కూర్చుండబెట్టి చూడవలెను. బండి క్రింది భాగము ఊరిబాటలోని గట్టులకు రాచుకొనునా యని చూడవలెను. వెడల్పైన చక్రపు టైర్లు, బీమా, మరమ్మతులు ఏటా ఎంతకు వచ్చునో, వానవెనుకపట్టిన యేడు ఆ వ్యయమును భరింపగలమా యని లెక్కవేయవలెను.

మెట్టనమ్ముట మాత్రము నాకు సమ్మతము గాదు. సాలీనా సుమారు 550 మిల్లీమీటర్ల వానపడు ఈ సీమలో రెండెకరములు వేరుసెనగ యిచ్చినను ఈయకున్నను నేల నేలగానే యుండును. కారు వెల కొనిన దినమునుండియు తగ్గును. అప్పు వాయిదా తగ్గదు. కొన్నియేండ్లకు బండి పాతబడి, వాయిదాలింకను మిగిలినచో, సాళువ నరసింహుడు తోకకు వెల యిచ్చినట్లే యగును. ఆయనకు వెనుక రాజ్యమంతయు కలదు. మనకు ఆ రెండెకరములే కలవు.

మన చెఱువును చూడుడు. బుక్కరాయల కాలమున, 1364 ప్రాంతమున, మంత్రియగు చిక్కప్ప ఒడయరు పండమేరు ప్రవాహమునకు అడ్డముగా దీనిని కట్టించెనని జిల్లా చరిత్ర చెప్పుచున్నది. బహమనీలతో పోరాడుటకు గుఱ్ఱములు తప్పనిసరియైన కాలమది. అట్టి నాడును వడికి ఇచ్చిన సొమ్మును వడికిచ్చి, నీటికి ఇయ్యవలసినదానిని నీటికే యిచ్చిరి. ఒకదాని సొమ్ము తెచ్చి మఱియొకదానిలో పోయలేదు. మీ యింటి బిడ్డ వచ్చి బండిమాట యెత్తినప్పుడు, వలదని కసరకుడు. వెనుక కూర్చుండువారెవరు, ఏటేటి ఖర్చెంత, సొమ్ము ఎచ్చటిది అని మూడు ప్రశ్నలడుగుడు. మూటికిని సరియగు జవాబు చెప్పగలిగినవాడు ఏ బండి కొనినను మనము నిర్భయముగా ఎక్కవచ్చును.