దిద్దిన జవాబు పత్రం ఎవరికి చేరుతోంది? పొదిలి ప్రాంత డిగ్రీ చదువుల్లో గ్రేడు, వ్యాఖ్య

పొదిలిలోనూ, చుట్టుపక్కల కనిగిరి, దర్శి, మార్కాపురంలలోనూ డిగ్రీ చదివే విద్యార్థులు సెమిస్టరుకు ఐదారు పేపర్ల చొప్పున పరీక్షలు రాస్తారు. పట్టా చేతికొచ్చేనాటికి, దిద్దిన తమ జవాబు పత్రాన్ని ఒక్కటైనా కళ్లారా చూసినవాళ్లు అరుదు. గ్రేడ్లను పక్కనపెట్టి, విద్యార్థి పని మీద అధ్యాపకుడు రాసే వ్యాఖ్యకే పెద్దపీట వేయాలన్న చర్చ అనేక దేశాల విశ్వవిద్యాలయాల్లో సాగుతోంది. అది మన అనుబంధ కళాశాలల దాకా వచ్చినప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. వ్యాఖ్య రాస్తే అది చేరేది ఎవరికి?

పరీక్ష హాలులో రాసిన పత్రం కట్టలోకి వెళుతుంది. హాల్ టికెట్ నంబరు కనపడకుండా దానికో కోడ్ వేస్తారు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఆ విద్యార్థి ముఖం ఎరగని ఒక అధ్యాపకుడు ప్రశ్నకో అంకె వేసి, కూడి, సంతకం చేసి పక్కన పెడతాడు. పారితోషికం పత్రాల లెక్కన కాబట్టి చెయ్యి ఆగదు. ఆగి మార్జిన్‌లో ఒక మంచి మాట రాసినా చదివేవాళ్లు లేరు. రీవాల్యుయేషన్‌కు రుసుము కట్టిన విద్యార్థికి కూడా మామూలుగా అందేది మారిన అంకె, లేదా మార్పు లేదన్న కబురు. దిద్దిన పత్రాన్ని చూసే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో, సీబీఎస్ఈ వర్సెస్ ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తేల్చింది. కానీ ఫలితాలొచ్చాక దరఖాస్తు పెట్టుకుని చూసే పత్రం ఫిర్యాదుకు ఆధారమవుతుందే తప్ప, అప్పటికే ముగిసిపోయిన చదువును దిద్దలేదు.

ఈ ఏర్పాటుకు నూట అరవై ఏళ్లు దాటాయి. చదువు చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టేది విశ్వవిద్యాలయం అన్న లండన్ పద్ధతిలో 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వెలిసింది. అనుబంధ కళాశాలల విషయంలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1976 నాటి నాగార్జున విశ్వవిద్యాలయం ఆ దారినే నడిచాయి. ఇప్పుడు ఈ ప్రాంతానికి పెద్దదిక్కైన ఒంగోలు ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికి సంక్రమించిందీ అదే. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ నాయకత్వంలోని కమిషన్ 1949లోనే, ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షలనే మార్చమంటామని నివేదించింది. ఆ తర్వాత అంతర్గత మార్కులు వచ్చాయి, సెమిస్టర్లు వచ్చాయి, 2015-16 నుంచి క్రెడిట్ల విధానం వచ్చింది. యూజీసీ పది పాయింట్ల కొలబద్దతో మార్కు పక్కన ‘ఓ’ నుంచి ‘ఎఫ్’ దాకా అక్షరాలు కూడా చేరాయి. జవాబు పత్రం మాత్రం వెళ్లిన దారినే పోతూ ఉంది.

పొదిలి పొగాకు వేలం కేంద్రంలో కొనేవాడు లేని బేలుకు ‘నోబిడ్’ అంటారు. రైతు దాన్ని ఇంటికి తెచ్చి, విప్పి, ఆకును మళ్లీ ఏరి, ఇంకో రోజు వేలానికి పెడతాడు. మన విద్యార్థికి తన పత్రాన్ని అలా ఇంటికి తెచ్చి దిద్దుకునే అవకాశం కూడా లేదు. ఇంటికి ‘ఎఫ్’ ఒక్కటే వస్తుంది.

గ్రేడుకూ వ్యాఖ్యకూ ఉన్న సంబంధంపై తరచూ ప్రస్తావనకొచ్చే పరిశోధన రూత్ బట్లర్ 1988లో ప్రచురించినది. ఇజ్రాయెల్ బడిపిల్లల్లో కొందరికి మార్కు, కొందరికి వ్యాఖ్య, కొందరికి రెండూ కలిపి ఇచ్చి చూశారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్ల పనీ ఆసక్తీ మెరుగుపడ్డాయి. రెండూ అందుకున్నవాళ్లకు ఆ మేలు దక్కలేదు. అంకె కనపడగానే కన్ను అక్కడే ఆగిపోతుందని అధ్యాపకులందరికీ తెలుసు. అలాగని వ్యాఖ్య రాస్తే చాలనుకోవడానికీ లేదు. ఫీడ్‌బ్యాక్‌పై జరిగిన ప్రయోగాలను 1996లో ఒకచోట చేర్చి చూసిన క్లూగర్, డినైసీ, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో దానివల్ల పని దిగజారిందని కనుగొన్నారు. మాట మనిషి మీదికి మళ్లినకొద్దీ మేలు తగ్గుతుందని వారి విశ్లేషణ. ఆస్ట్రేలియా పండితుడు రాయిస్ శాడ్లర్ 1989లో పెట్టిన షరతు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. మంచి పని ఎలా ఉంటుందో విద్యార్థికి తెలియాలి, తన పని దానికి ఎంత దూరంలో ఉందో తెలియాలి, ఆ దూరం తగ్గించడానికి తాను ఏదో ఒకటి చేయాలి. ఆ మూడోది లేని వ్యాఖ్య పత్రం మీద మిగిలిపోయే సిరా మాత్రమే. అమెరికాలోని ఎవర్‌గ్రీన్ స్టేట్ కళాశాల మొదటినుంచీ గ్రేడ్లు లేకుండా వివరణాత్మక మూల్యాంకనం నడుపుతోందంటే, అక్కడ పాఠం చెప్పినవారే ఆ విద్యార్థి గురించి రాస్తారు కనుకనే. మన అనుబంధ వ్యవస్థలో చివరి పరీక్షకు ఆ వీలు లేదు.

వీలున్నది అంతర్గత మార్కుల్లో. 75 బయటి పరీక్షకు, 25 కళాశాలకు అన్న పంపకం మన డిగ్రీల్లో బాగా అలవాటైనది. ఆ 25 ఒక్కటే పాఠం చెప్పినవారి చేతిలో ఉన్న భాగం. దాన్ని మనం దాదాపు అందరికీ ఒకేలా పంచిపెట్టే సంఖ్యగా మార్చుకున్నాం. బడుల అనుభవం ఇక్కడ హెచ్చరిక. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరిట వచ్చిన ఫార్మేటివ్ పరీక్షలు చాలాచోట్ల చిన్న సైజు పరీక్షలుగా మిగిలాయి. పదో తరగతిలో 20 అంతర్గత మార్కులను ఆంధ్రప్రదేశ్ 2019లో ఎత్తేసింది, 2022 నుంచి గ్రేడ్ల బదులు మళ్లీ మార్కులే ప్రకటిస్తోంది. అంకె మీద నమ్మకం పోయినప్పుడల్లా ఇంకో అంకెను వెతుక్కున్నాం.

ఒక ఉదాహరణ చూద్దాం. బీఏ ఎకనామిక్స్ ఎసైన్‌మెంట్‌లో ఒక అమ్మాయి, ‘దళారుల వల్ల మిర్చి రైతుకు గిట్టుబాటు ధర రావడం లేదు’ అని రాసిందనుకుందాం. ఐదుకు రెండు వేస్తే కథ అక్కడితో సరి. అంకె వేయకుండా అధ్యాపకుడు ఇలా రాయవచ్చు: ‘కారణం చెప్పావు, అది ఎలా పనిచేస్తుందో చెప్పలేదమ్మా. మీ ఊరి మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్లినప్పుడు కమీషన్, హమాలీ, కాటా ఖర్చులు ఎవరు ఎంత భరించారో ఇంట్లో అడిగి రాసుకో. తర్వాత ఈ వాక్యం నిలబడుతుందో లేదో చూసి వారంలో తిరిగి ఇవ్వు.’ రెండో ప్రతి రాసేటప్పుడు ఆమె చేతిలో ఆ ఖర్చుల పట్టీ ఉంటుంది. దళారి మాటకు ముందు అప్పు మాట వస్తుందేమో కూడా, ఎందుకంటే పెట్టుబడికి ముందే డబ్బిచ్చిన కమీషన్ వ్యాపారి దగ్గరికే సరుకు పోవడం ఈ ప్రాంతంలో మామూలు. సెమిస్టరు చివర విశ్వవిద్యాలయానికి పంపవలసిన అంకెను ఆ రెండో ప్రతి మీదే, ఆమెతో మాట్లాడి వేయవచ్చు. నిబంధనల్లో ఏదీ మార్చకుండానే జరిగే పని ఇది.

వ్యాఖ్య ఏ భాషలో రాయాలన్నదీ చిన్న సంగతి కాదు. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. పల్లె బడిలో తెలుగులో చదివి వచ్చిన పిల్లలు జవాబును కంఠతా పట్టి ఇంగ్లీషులో అప్పజెబుతున్నారు. వాళ్లకు ఇంగ్లీషు వ్యాఖ్య మరో పాఠమవుతుంది. పిల్లవాడు ఇంగ్లీషులో రాసినా, ఆలోచనలో ఎక్కడ తడబడ్డాడో తెలుగులో చెప్పడమే న్యాయమని నా అభిప్రాయం.

గ్రేడు లేకపోతే ఎంపికలు ఎలాగన్న అభ్యంతరం ఉంది. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లు ఏపీ పీజీసెట్ ర్యాంకుతో నిండుతున్నాయి. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు పట్టా అర్హత, ఎంపిక మాత్రం పోటీ పరీక్షలోనే. విదేశీ సీట్లకు, కొన్ని కంపెనీల వడపోతకు సీజీపీఏ కావాలన్నది నిజమే, అది 75 మార్కుల పరీక్షా, సెమిస్టరు చివర కళాశాల పంపే అంకే కలిసి ఎలాగూ వస్తుంది.

అసలు ఇబ్బంది గంటలు. 60 మంది తరగతిలో పత్రానికి ఐదు నిమిషాలైనా ఐదు గంటలు పడుతుంది, రెండో ప్రతికి ఇంకో ఐదు. గంటల లెక్కన జీతం తీసుకునే అతిథి అధ్యాపకులకు దిద్దిన గంటకు పైసా రాదు. ఆ గంటలను టైంటేబుల్లో బోధన గంటలుగా చూపి చెల్లించనంతకాలం ఈ పని చేయమని వాళ్లను అడిగే హక్కు ఎవరికీ లేదు. రెండోది తేదీల సంగతి. సంక్రాంతి దాటితే మిర్చి కోతలు, పొగాకు బ్యారన్ పనులు ముమ్మరమై తరగతి పలచబడుతుంది. మొదటి ప్రతిని డిసెంబరులో తీసుకుని, వ్యాఖ్యతో పండుగ సెలవులకు ముందే ఇచ్చేస్తే, తిరగరాయడానికి పిల్లలకు ఇంటి దగ్గర తీరిక దొరుకుతుంది, అడిగి తెలుసుకోవడానికి ఇంటి పెద్దలూ అందుబాటులో ఉంటారు.